అనుకోని మంచు ఎవరికి అనుకోనిది?

2023 మార్చి నెలలో మామ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చాడు. ఆయన మాలో ఒకరికి మేనమామ. మిగతా ముగ్గురికి చుట్టరికం లేకున్నా మా అందరికీ మామే. మేము నలుగురం ఆదివాసీ ఉపాధ్యాయులం. మా ఊళ్లు ఏటూరునాగారం అడవుల చుట్టుపక్కల, బడులు తలా ఒకచోట, పిల్లల చదువుల కోసం కాపురాలు మాత్రం ఎనుమాములలో. పంట అమ్మడానికి వచ్చినప్పుడల్లా మామ మా ఇళ్లలో ఎక్కడో ఒకచోట పడుకుని తెల్లారి బస్సెక్కుతాడు.

ఆ రోజు ఆయన తెచ్చిన బస్తాల్లో సగానికి పైగా తాలే. కల్లంలో ఆరబోసిన కాయ వడగండ్ల వానకు తడిసింది. ఎర్రగా ఉండాల్సిన కాయ తెల్లబారింది. హమాలీలు బస్తాలు దించారు, దడ్వాయి తూకం వేశాడు, మంచి కాయ ధరలో సగం కూడా చేతికి రాలేదు. ఎరువుల దుకాణం బాకీ, కోత కూలీల బాకీ పోగా ఏమి మిగిలిందో మేము అడగలేదు.

రాత్రి అన్నాల దగ్గర మాలో ఒకరం అన్నాం. "అనుకోని వాన గదా మామా, ఎవరేం జేస్తరు?"

మామ తలెత్తి చూశాడు. "మీకు సుత ఎరుక లేదా బిడ్డా? పట్నంల ఉంటరు, ఫోన్లు ఉంటయి."

మా నోళ్లు పడిపోయాయి. మాకు ఎరుకే. మూడు రోజుల ముందే ఉపాధ్యాయుల గ్రూపులో వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చింది. ఉరుములు, ఈదురుగాలులు, వడగండ్లు అని రాసి ఉంది. నలుగురమూ చదివాం. ఒకరం ఇంకో గ్రూపుకు పంపాం. ఒకరం సంచిలో గొడుగు పెట్టుకున్నాం. మామ ఊళ్లో సిగ్నల్ అందదు, ఫోను పలకాలంటే గుట్ట ఎక్కాలి. అయినా సాయంత్రం బస్సు డ్రైవరుతో ఒక్క మాట చెప్పి పంపితే రాత్రికి ఊరు చేరేది. మేనల్లుడు చెప్పే ఉంటాడని మేము ముగ్గురం అనుకున్నాం. ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుందని మేనల్లుడు అనుకున్నాడు.

"ఎరుకే మామా" అన్నాడు మేనల్లుడు.

"మరి జెప్పకపోతిరి."

అంతకు మించి ఆయన ఒక్క మాట అనలేదు. చెయ్యి కడుక్కుని పోయి పడుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదేమో. తిట్టిన మాట నాలుగు రోజులకు మరుపొస్తుంది. తిట్టకుండా వదిలిన ఆ మాటను మేము ఇప్పటికీ మోస్తున్నాం.

కొన్నాళ్లకు మా దగ్గర చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న ఒక పిల్లవాడు వచ్చాడు. దసరా సెలవుల్లో స్నేహితులతో కలిసి హిమాలయాలకు ట్రెకింగ్‌కు పోతానన్నాడు. వీపున సంచి వేసుకుని నాలుగైదు రోజులు కొండల్లో నడవడం, గుడారాల్లో పడుకోవడం. మాకు సంతోషమే. అయితే వాళ్లమ్మకు భయం. అక్టోబరులో మంచు పడదని అందరూ అంటారు, కానీ ఒక్కోసారి అనుకోకుండా పడుతుందని ఆమె ఎవరి దగ్గరో విన్నది. పిల్లవాడు మమ్మల్ని అడిగాడు. "సార్, అనుకోకుండా మంచు పడి ఎవరైనా చనిపోతే అది ఎవరి తప్పు? ఎవరి తప్పూ కాదు గదా?"

జవాబు చెప్పే ముందు మేము చదవాల్సి వచ్చింది. అట్లా చదువుతుంటే దొరికిన ఒక సంగతి మామ అడిగిన ప్రశ్న దగ్గరికే మమ్మల్ని తెచ్చి నిలబెట్టింది.

నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే నడక దారి ఒకటి ఉంది. ప్రపంచంలో పేరున్న ట్రెకింగ్ దారుల్లో అది ముందు వరుసలో ఉంటుంది. ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు థొరాంగ్ లా అనే కనుమ. ఎత్తు 5,416 మీటర్లు. అక్కడ ఊపిరికి అందే గాలి మన దగ్గర అందేదానిలో దాదాపు సగమే. ఇటువైపు మనాంగ్, అటువైపు ముక్తినాథ్. మన తెలుగు యాత్రికులు దర్శనానికి పోయే ముక్తినాథ్ అదే. మధ్యాహ్నం అయితే గాలి లేస్తుంది కనుక నడిచేవాళ్లు తెల్లవారక ముందే బయలుదేరి, కనుమ దాటి, పగలు ఉండగానే ముక్తినాథ్ వైపు దిగిపోతారు. అక్టోబరు నెల ఆ దారికి మంచి కాలం. ఆకాశం తేటగా ఉంటుంది. అందుకే ఆ నెలలోనే జనం ఎక్కువ.

2014 అక్టోబరు 14న ఆ కనుమ మీద మంచు తుఫాను విరుచుకుపడింది. పన్నెండు గంటల్లో దాదాపు 1.8 మీటర్ల మంచు పడిందని అప్పటి వార్తలు చెప్పాయి. అది మనిషి ఎత్తు. దారి పూడిపోయింది, దారి గుర్తుకు పాతిన కర్రలు కూడా కనబడలేదు. చేతి దూరంలో ఉన్న మనిషి కనిపించని తెల్లటి చీకటి. కొందరు కనుమ దగ్గరి చిన్న టీ గుడిసెలో ఒకరి మీద ఒకరు పడి రాత్రి గడిపి ప్రాణాలు దక్కించుకున్నారు. దిగిపోదామని బయలుదేరినవారిలో చాలామంది దారి తప్పి చలికి కొయ్యబారి చనిపోయారు. ఆ ఒక్క తుఫానుకు ఆ ప్రాంతమంతటా కనీసం 43 మంది చనిపోయారు. దూరదేశాల నుంచి వచ్చిన యాత్రికులు ఉన్నారు, మన దేశం వాళ్లు ఉన్నారు. వాళ్లకు దారి చూపిన గైడ్లు, వాళ్ల సంచులు మోసిన కూలీలు, జడల బర్రెలు కాచుకునే కాపరులు ఉన్నారు. నేపాల్ ట్రెకింగ్ చరిత్రలో అంత పెద్ద విషాదం అంతకు ముందు లేదు.

ఆ మంచు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినప్పుడు మాకు ఒళ్లు జలదరించింది. అది విశాఖపట్నం నుంచి పోయింది. అది హుద్‌హుద్.

హుద్‌హుద్ అంటే ఒక పిట్ట పేరు. ఒమన్ దేశం ఆ తుఫానుకు ఆ పేరు ఇచ్చింది. అక్టోబరు మొదటి వారంలో అండమాన్ దగ్గర పుట్టి, బంగాళాఖాతం దాటి, 12వ తేదీ మధ్యాహ్నం విశాఖపట్నం దగ్గర తీరం తాకింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు. తీరం దాటాక ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ మీదుగా బలహీనపడుతూ ఉత్తరానికి పోయింది. బలహీనపడింది గాలే, అది మోసుకుపోయిన నీళ్లు కావు. ఆ తడి గాలి హిమాలయాలకు గుద్దుకుని పైకి లేచింది. కింద అయితే వానగా కురిసేది, అంత ఎత్తులో మంచై కురిసింది. విశాఖ నుంచి థొరాంగ్ లా పన్నెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఆ దూరం పోవడానికి తుఫానుకు రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజుల గురించే మనం ఆలోచించాలి.

విశాఖలో ఏమి జరిగింది? తుఫాను వస్తోందని నాలుగైదు రోజుల ముందే వాతావరణ శాఖ చెప్పింది. వేటకు పోవద్దని మత్స్యకారులను హెచ్చరించారు. తీరం వెంట లక్షల మందిని ఖాళీ చేయించారు. అయినా ప్రాణాలు పోయాయి, నగరం చిన్నాభిన్నమైంది. అరకు, పాడేరు, చింతపల్లి ఏజెన్సీలో మన తోటి ఆదివాసీల కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయాయి. సంవత్సరాల తరబడి పెంచిన చెట్టు ఒక్క పూటలో పడిపోయింది. అయినా ముందు మాట అందబట్టే వేల ప్రాణాలు నిలిచాయి. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆ మాట అందక ఎన్ని వేల మంది పోయారో పెద్దలు ఇప్పటికీ చెప్తారు.

మరి కొండ మీద? తుఫాను విశాఖను కొట్టిన సంగతి 12వ తేదీ సాయంత్రానికి లోకమంతా చూసింది. అది ఉత్తరానికి పోతున్నదని ఉపగ్రహ చిత్రాలు చూసేవాళ్లకు తెలుసు. 14వ తేదీ తెల్లవారుజామున కనుమకు బయలుదేరినవారిలో ఎక్కువమందికి తెలియదు. ఎరుక ఉన్నచోట ఉంది, అవసరమైన చోటికి పోలేదు. ఆ విషాదం తర్వాత అప్పటి నేపాల్ ప్రధాని సుశీల్ కొయిరాలా కూడా ముందస్తు హెచ్చరికల ఏర్పాటు ఎంత అవసరమో చెప్పారు. చనిపోయినవారికి ఆ మాట అందదు.

కాబట్టి ఆ పిల్లవాడి ప్రశ్నను మేము ఇలా మార్చుకున్నాం. మంచు అనుకోకుండా పడింది, సరే. ఎవరికి అనుకోనిది?

"అనుకోని" అనే మాట మనం చాలా తేలికగా వాడతాం. అనుకోని వాన, అనుకోని వరద, అనుకోని చావు. ఆ మాటతో పని అక్కడికి అయిపోతుంది. తప్పు ఆకాశానిది, లేదా రాతది. కానీ మబ్బు ఎవరికీ చెప్పకుండా రాదు. ఈ రోజుల్లో అసలే రాదు. ఒకరికి తెలిసి ఒకరికి తెలియకుండా వస్తుంది. తెలిసినవారికీ తెలియనివారికీ నడుమ ఉన్న దూరం ఆకాశం పెట్టింది కాదు, మనుషులం పెట్టుకున్నది. మామకు వడగండ్లు అనుకోనివి, మాకు కావు. వానను మేము కురిపించలేదు. ఆ వానను ఆయనకు అనుకోనిదిగా చేసింది మాత్రం మేమే.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. కొండలెక్కేవాళ్లు ప్రమాదం తెలిసే పోతారు గదా, తెలిసి పోయినవాడికి ఎవరు ఏమి బాకీ? దీనికి జవాబు అదే 2014లో మన పిల్లే చెప్పింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ, చర్ల పిల్లవాడు ఆనంద్ కుమార్ ఆ ఏడాది మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మన గురుకులాల్లో ఆ ఫొటో లేని గోడ ఉండదు. కానీ ఆ ఫొటో వెనక ఉన్నది ఏమిటో పిల్లలకు మనం తక్కువగా చెప్తాం. భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకోవడం నేర్చుకున్నారు. డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకున్నారు. లద్దాఖ్ చలిలో ఉండి చూశారు. ఎక్కడ ఏమి ముంచుకొస్తుందో ముందే విని, చూసి, తెలుసుకుని పోయారు. అందుకే అది ధైర్యం. ప్రమాదం ఎరిగి అడుగు వేస్తే ధైర్యం అంటాం. ఎరుక లేకుండా అదే అడుగు వేయించితే దానిని ధైర్యం అనలేం. అది నమ్మినవాడిని మోసం చేయడం.

అదే ఏడాది, పూర్ణ శిఖరం చేరడానికి నెల ముందు, ఏప్రిల్ 18న ఎవరెస్ట్‌కు నేపాల్ వైపున ఖుంబు మంచుపాతం దగ్గర మంచు చరియ విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. వారిలో ఎక్కువమంది షెర్పాలు. నేపాల్ ప్రభుత్వం షెర్పాలను ఆదివాసీ జనజాతుల జాబితాలో పెట్టింది. అంటే వాళ్లు మనవాళ్లే. శిఖరం ఎక్కేవాడు ఆ ప్రమాదపు చోటును కొన్నిసార్లే దాటుతాడు. అతని గుడారం, తిండి, ఆక్సిజన్ మోసే షెర్పా చాలాసార్లు దాటాలి. చనిపోయినవారి కుటుంబాలకు మొదట ప్రకటించిన సాయం నలభై వేల నేపాలీ రూపాయలు. మన లెక్కలో పాతిక వేలు. ఆ తర్వాత షెర్పాలు ఆ ఏడాది ఇక ఎక్కబోమని చెప్పారు. సంవత్సరమంతా తిండిపెట్టే కూలిని వదులుకుని కొండ దిగారు. నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ యాత్రలు ఆ వసంతంలో దాదాపు ఆగిపోయాయి.

మా దృష్టిలో ఆ దిగడం కూడా ఎక్కడం అంత పెద్దదే. మన పిల్లలకు పూర్ణ ఫొటో పక్కన ఈ సంగతి కూడా చెప్పాలి. "ఈ రోజు వద్దు" అనగలగడం పిరికితనం కాదు. ఎరుక గలవాడు ఆ మాట అనాలి, అన్నవాడి కూలి పోకుండా చూడాల్సిన బాధ్యత అతన్ని పిలిచినవాడిది. పోతేనే కూలి, ఆగితే పస్తు అన్నప్పుడు గైడు నోరు మూతపడుతుంది. అతని నోరు మూతపడితే వెనక వచ్చేవాళ్లందరికీ మంచు అనుకోనిదే అవుతుంది.

ఇక మా మీద మేము వేసుకున్న ప్రశ్నలకు వద్దాం. మామ పోయాక చాలా రోజులు మాకు మేమే సాకులు చెప్పుకున్నాం. అవి మా నలుగురివే కావు, చదువుకున్న చాలామందివి. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మొదటి సాకు, చెప్పిన వాన రాకపోతే నవ్వులపాలవుతాం అని. నిజమే, హెచ్చరికలు తప్పుతుంటాయి. ఆ తర్వాతి ఏడాది ఒకసారి మేము బస్సు డ్రైవరుతో మాట పంపాం. మామ కల్లం మీద పరదా కప్పుకుని కూర్చున్నాడు. చుక్క పడలేదు. మేము సిగ్గుపడుతూ ఫోన్ చేస్తే నవ్వాడు. "రాకుంటే పరదా తీస్త. వస్తే ఏం తీస్తర్రా?" లాభనష్టాల లెక్క ఇంతకన్నా తేటగా మేము ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రెండో సాకు, ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఎవరికి వారికే తెలుస్తుంది అని. ఫోను ఉండటం వేరు, సిగ్నల్ ఉండటం వేరు, వచ్చిన మాట అర్థం కావడం వేరు. "ఆరెంజ్ అలర్ట్" అని వస్తే మా అమ్మలకు అది పండు పేరే. ఆ మాటను "రేపు మాపటికి కల్లం ఖాళీ చేయండి" అనే మాటగా మార్చాలంటే నడుమ ఒక మనిషి కావాలి. ఆ మనిషి మనమే.

మూడో సాకు, ఇంకెవరో చెప్పే ఉంటారు అని. మా నలుగురిలో ప్రతి ఒక్కరమూ ఇదే అనుకున్నాం. నలుగురికి తెలిసిన సంగతి ఒక్కరికి తెలిసినదానికన్నా త్వరగా చేరాలి. కానీ ఒక్కోసారి అసలే చేరదు. బాకీ నలుగురి మీద ఉన్నప్పుడు తలా పావు వంతు అవుతుందని అనుకుంటాం. ఇది అట్లా పంచుకునే బాకీ కాదు. ప్రతి ఒక్కరి మీదా మొత్తం ఉంటుంది.

నాలుగో మాట సాకు కాదు, నిజమైన చిక్కు. ఆదివాసీలకు హెచ్చరిక అంటే భయం. మన బతుకుల్లో "ఇక్కడ ప్రమాదం" అన్న మాట వెంట చాలాసార్లు "ఖాళీ చేయండి" అన్న మాట వచ్చింది. పులి కోసం, ప్రాజెక్టు కోసం, మన మేలు కోసమే అంటూ లేపారు. అందుకే వరద వస్తుందని చెప్పినా కొందరు పెద్దలు కదలరు. పోతే తిరిగి రానిస్తారో లేదో అని. కాబట్టి ఎరుక గలవాడు మాట చెప్పాలే గానీ పెత్తనం చేయకూడదు. ఏమి రాబోతోంది, ఎట్లా తెలిసింది, ఎంతవరకు నమ్మొచ్చు, ఇవన్నీ విప్పి చెప్పి, ఏమి చేయాలో వాళ్లతో కలిసి ఆలోచించాలి. కారణం చెప్పకుండా తరిమితే ఆ ఒక్కసారికి ప్రాణం నిలవొచ్చు, రెండోసారి మన మాట వినరు.

ఇంతవరకు చదివిన మన యువకులు హిమాలయాలు మనకు దూరం అనుకోవచ్చు. దూరం కాదు. 2023 జూలై చివరలో మన ములుగు జిల్లాలోనే జరిగింది. లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర అడవిలో ముత్యంధార జలపాతం చూడటానికి పోయిన పర్యాటకులు, ఎనభై మంది దాకా, వాగు పొంగి తిరిగి రాలేక రాత్రివేళ అడవిలో చిక్కుకున్నారు. రక్షణ దళాలు, పోలీసులు వాళ్లను క్షేమంగా బయటికి తెచ్చారు. మంచి పని. అదే వానకు జంపన్నవాగు కొండాయి ఊరి మీద పడి ఎనిమిది మంది కొట్టుకుపోయారు. రెండు సంగతులూ ఒకే వాన పని. ఒకటి చదివి ఊపిరి పీల్చుకున్నాం, ఇంకొకటి చదివి కూర్చున్నచోటే కూర్చుండిపోయాం.

పైన గుట్టల్లో వాన పడితే ఇక్కడ చుక్క లేకపోయినా వాగు వస్తుందని మన ఊళ్లో పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. నీళ్ల రంగు మారితే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే గట్టెక్కాలని తెలుసు. పట్నం నుంచి వచ్చినవాడికి అది తెలియదు. అక్కడ ఎరుక గలవాళ్లం మనమే. ఇప్పుడు బొగత దగ్గర, ముత్యంధార దగ్గర, అరకులో, లంబసింగిలో మన యువకులు దారి చూపే పనిలోకి పోతున్నారు. రెండు వందలు, మూడు వందలు ఇస్తామంటే మబ్బును చూసి కూడా "ఏం కాదు సార్, పోదాం" అనాలనిపించే రోజు వస్తుంది. ఆ రోజు కోసమే ఈ మాట. వద్దని చెప్పండి. కూలి పోతుంది, వాళ్లు విసుక్కుంటారు, "అడవోడు, వీడికేం తెలుసు" అని ముందుకు పోయినా పోతారు. అయినా చెప్పండి. వినని తప్పు వాళ్లది. చెప్పకపోతే అది మనది.

బాకీ ఒకవైపు మాత్రమే ఉండదని కూడా దీనితో తెలుస్తుంది. ఉపగ్రహం చూసేవాడికి గాలి దారి ఎరుక. వాగు ఒడ్డున బతికేవాడికి నీటి దారి ఎరుక. ఇద్దరూ ఒకరికొకరు బాకీ. పట్నం మనకు చెప్పడం లేదని మనం బాధపడతాం, సరైన బాధే. మన మాట పట్నం వినడం లేదనేది కూడా అంతే సరైన బాధ. కానీ మన ఎరుకను మన పిల్లలకే చెప్పకుండా మరిచిపోతే ఆ బాధపడే హక్కు కూడా పోతుంది.

మా చిన్నప్పుడు తునికాకుకో, ఇప్పపువ్వుకో పెద్దల వెంట అడవికి పోయేవాళ్లం. దారి చీలిన చోట ముందు పోయినవాళ్లు పచ్చి కొమ్మ విరిచి పోకూడని దారికి అడ్డంగా వేసేవారు. అవతల ఎలుగు తిరుగుతున్నదో, దారి తెగిందో, ఏదో ఒకటి. కొమ్మ వేసిన మనిషికి వెనక వచ్చేది ఎవరో తెలియదు. తన ఊరివాడో, పొరుగూరివాడో, తనకు పడనివాడో. అయినా ఆగి, కొమ్మ విరిచి, వేసి పోయేవాడు. అట్లా వేయకుండా పోయినవాడిని ఊళ్లో మనిషిగా లెక్కించేవాళ్లు కాదు. అదంతా నిమిషం పని. మా నలుగురి చేతుల్లో ఉన్న ఫోను ఆ కొమ్మే. మేము దానిని చూశాం గానీ దారికి అడ్డంగా వేయలేదు.

డైట్‌లో మేము శిక్షణ పొందినప్పుడు అభ్యసనం అంటే ప్రవర్తనలో మార్పు అని కంఠస్థం చేశాం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ లెక్కన మేము ఆ మార్చిలో హెచ్చరికను చదివామే గానీ నేర్చుకోలేదు. చదివాక మా నడకలో ఏమీ మారలేదు.

ఇప్పుడు కొంచెం మారింది. మా నాలుగు బడుల్లోనూ పొద్దున ప్రార్థన తర్వాత ఒక పిల్లవాడు ఆ రోజు, మర్నాడు వాతావరణం ఎట్లా ఉంటుందో నల్లబల్ల మీద రాస్తాడు. తెలుగులోనూ, వాళ్ల ఇంట్లో మాట్లాడే భాషలోనూ రాస్తాడు. హెచ్చరిక ఉన్న రోజు సాయంత్రం ఏ గూడెం పిల్లలు ఆ గూడేనికి మాట మోసుకుపోతారు. ఊరి చివరి ఇంటికి చెప్పే పని ఎవరిదో ముందే పేరు పెట్టి అప్పజెప్తాం. "ఎవరో ఒకరు" అనే మాటను మా బడుల్లో నిషేధించాం. పిల్లలు తిరిగొచ్చి ముసలవ్వలు ఏమన్నారో చెప్తారు. చీమలు గుడ్లు మోస్తున్నాయనో, గాలి మళ్లిందనో అవ్వలు చెప్పిన గుర్తులు కూడా బల్ల మీద రాస్తాం. ఏది నిజమైందో వారం చివర చూస్తాం. ఇది పెద్ద పని కాదు, దీనికి నిధులు అక్కర్లేదు. ఇది చదివే ఉపాధ్యాయ మిత్రులు ఎవరైనా రేపటి నుంచే చేయొచ్చు.

మా డిగ్రీ పిల్లవాడికి కూడా జవాబు చెప్పాం. పో బిడ్డా అన్నాం. మన గుట్టలు ఎక్కిన కాళ్లే గదా, ఆ కొండలూ చూసి రా. పోయే ముందు మూడు సంగతులు అడుగు. అక్కడ వాతావరణం మాట మీకు రోజూ ఎవరు చెప్తారు? వెనక్కి తిరగాలని చెప్పే అధికారం ఎవరిది, ఆ మాట అన్నందుకు అతని కూలి కోస్తారా? మీ సంచులు మోసేవాళ్లకు మీలాంటి బూట్లు, కోట్లు ఉన్నాయా? ఈ మూడింటికీ సరైన జవాబు రాకపోతే ఇంకొకరితో పో, లేదా ఇంకో ఏడు పో. కొండ ఎక్కడికీ పోదు.

పిల్లవాడు పోయి వచ్చాడు. మంచు పడలేదు. పైకి ఎక్కే రోజు పొద్దున మబ్బు చూసి గైడు ఆపేశాడట, శిఖరం చూడకుండానే దిగారట. మధ్యాహ్నానికి ఆకాశం తేటపడిందట. స్నేహితులు గైడును తిట్టుకున్నారని చెప్పాడు.

"నువ్వేమన్నవ్?" అని అడిగాం.

"నేనా సార్? ఆయన చెయ్యి పట్టుకుని దండం పెట్టిన. మీ మామ పరదా ముచ్చట చెప్పిన."